కొసరు పిచ్చుక వెల ఎంత? విశ్వాసంలో మన విలువను వెతుక్కునే దారి

మా అమ్మమ్మ సంతలో కొసరు వేయించుకోకుండా కదిలేది కాదు. వంకాయలు తూచడం అయ్యాక "ఒకటి కొసరు వెయ్యవయ్యా" అని ఇంకోటి సంచిలో వేయించుకునేది. అది పుచ్చుదో, వంకరదో అయ్యేది. కొసరు కదా, ఎవరూ ఏరి ఇవ్వరు. మేం ముగ్గురం ఆడపిల్లలం, నేను మూడోదాన్ని. చుట్టాలొస్తే నన్ను చూపించి "ఇది కొసరు" అని నవ్వేది. ప్రేమగానే అనేది. కానీ ఆ మాట నాలో ఎక్కడో దిగబడిపోయింది. పదో తరగతి మార్కులప్పుడు, పెళ్లిచూపులప్పుడు, మొదటి ఉద్యోగంలో జీతం తెలిసినప్పుడు, ప్రతిసారీ అదే మాట లోపల్నుంచి పలికేది.

ముప్పై దగ్గర పడుతుండగా ఒకరోజు మత్తయి సువార్తనూ లూకా సువార్తనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. మత్తయి 10:29లో "రెండు పిచ్చుకలు కాసుకు అమ్మబడును గదా" అని ఉంది. లూకా 12:6లో "అయిదు పిచ్చుకలు రెండు కాసులకు అమ్మబడును గదా" అని ఉంది. లెక్కల టీచర్ని కాబట్టి చెయ్యి ఆగింది. కాసుకు రెండైతే రెండు కాసులకు నాలుగే రావాలి. ఐదోది ఎక్కడిది? కొసరు! ఆ రోజుల్లో దేనారం ఒక రోజు కూలి, కాసు అందులో పదహారో వంతు. అంత చవక పిట్టల్లో కూడా ఐదోదానికి వెలే లేదు. యేసు అక్కడ ఆగి, "వాటిలో ఒకటైనను దేవునియెదుట మరువబడదు" అన్నాడు. ఒకటైనను అన్నప్పుడు ఆ ఐదోది కూడా లెక్కలోకి వచ్చినట్టే.

ఆ రోజు నాకేం మెరుపులు మెరవలేదు. చదివిన మాట ఒంటికి పట్టడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో చేసినవీ, తర్వాత మా సంఘంలో కొందరు అక్కలతో, కాలేజీ పిల్లలతో కలిసి చేసినవీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను పాస్టర్ని కాదు, కౌన్సెలర్ని కాదు. ఆదివారం బడిలో పాఠం చెబుతాను, అంతే. ఒక నాలుగు నెలలు పెట్టుకోండి. తొందరపడితే ఇది కుదరదు.

మొదటి మెట్టు: మిమ్మల్ని దేనితో కొలుస్తున్నారో రాసుకోండి

వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి. ఫోన్లో వద్దు, ఫోన్ చేతిలో ఉంటే స్టేటస్‌లు చూడ్డం మొదలవుతుంది. రెండు వారాల పాటు, మనసు చిన్నబోయిన ప్రతిసారీ మూడే సంగతులు రాయండి: ఎప్పుడు, ఎవరి ముందు, ఏ కొలబద్దతో. నా నోట్‌బుక్‌లో మొదటి వారం ఇలా ఉంది:

"ఆదివారం. పెళ్లి భోజనాల దగ్గర పిన్ని 'ఇంకా ఆ స్కూల్లోనేనా?' అంది. కొలబద్ద: జీతం.

మంగళవారం. స్టేటస్‌లో క్లాస్‌మేట్ గృహప్రవేశం. కొలబద్ద: సొంతిల్లు.

బుధవారం. షాపులో అమ్మాయి అడక్కుండానే తెల్లబడే క్రీము చూపించింది. కొలబద్ద: రంగు.

శుక్రవారం. ఉపవాస ప్రార్థనలో సాక్ష్యాలు. ముగ్గురు లేచారు, ఇద్దరికి వీసా వచ్చింది, ఒకరికి ప్లాటు. కొలబద్ద: దేవుడు నాకేం ఇవ్వలేదు."

శుక్రవారం రాసింది చదువుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. బయట లోకం కొలుస్తుందని తెలుసు. కానీ చర్చిలో కూడా అదే కొలబద్ద తిరుగుతోందని అప్పటిదాకా గమనించలేదు. మన తెలుగు సంఘాల్లో సాక్ష్యం అంటే ఏదో ఒకటి వచ్చినట్టు చెప్పాలి: ఉద్యోగం, సంతానం, ఆపరేషన్ సక్సెస్. ఏమీ రానివాళ్లు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. దారిలో వాళ్లకు తోచేది ఒకటే, నాలోనే ఏదో లోపం ఉందని. దేవుని మేలులు చెప్పొద్దని కాదు నా ఉద్దేశం. మీకు దిగులు ఎక్కడ నుంచి వస్తోందో తెలియాలి కదా, అది చర్చి నుంచి వస్తున్నా సరే రాయండి.

రెండు వారాలయ్యాక నోట్‌బుక్ తిరగేస్తే కొలబద్దలు మూడు నాలుగే ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటి కింద గీత గీసి పెట్టుకోండి. తర్వాత అవసరం.

రెండో మెట్టు: బాప్తిస్మం దగ్గర వినిపించిన మాటను వరసలో చదవండి

లూకా 3:21 నుంచి 4:13 వరకు ఒకే బిగిన చదవాలి. మామూలుగా బాప్తిస్మం ఒక ఆదివారం, శోధన ఇంకో ఆదివారం ప్రసంగంలో వింటాం. అందుకే రెండింటికీ ఉన్న ముడి కనపడదు.

యేసు యొర్దానులో నుంచి బయటికి వచ్చి ప్రార్థిస్తున్నాడు. ఆకాశం నుంచి శబ్దం: "నీవు నా ప్రియ కుమారుడవు, నీయందు నేనానందించుచున్నాను." ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ మాట వచ్చే సరికి ఆయన లూకా సువార్తలో ఏం చేసి ఉన్నాడు? ఒక్క రోగిని బాగు చేయలేదు. ఒక్క ప్రసంగం చేయలేదు. శిష్యుడు ఒక్కడూ లేడు. పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో కూర్చుని పెద్దలతో మాట్లాడిన ఒక్క సంఘటన తప్ప, ముప్పై ఏళ్లలో మనకు తెలిసిన పనేదీ లేదు. నజరేతులో చెక్క పని చేసుకునే ఇంట్లో పెరిగాడు. తండ్రి ఆనందించాడన్న మాట పని మొదలుకాక ముందే వచ్చేసింది.

మన ఇళ్లలో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. ర్యాంకు వచ్చాక భుజం తడతారు. మంచి సంబంధం కుదిరాక "మా అమ్మాయి" అంటారు. ముందు పని, తర్వాత ఆనందం. ఈ వరసకు అలవాటు పడ్డ మనం దేవుడు కూడా అలాగే ఉంటాడని అనుకుంటాం. నేను నలభై రోజులు ఉపవాసముంటే, దశమభాగం తప్పకుండా ఇస్తే, పాటల టీములో చేరితే అప్పుడు సంతోషిస్తాడు అని.

ఇప్పుడు నాలుగో అధ్యాయం. అపవాది మొదటి మాటే "నీవు దేవుని కుమారుడవైతే". పై నుంచి "కుమారుడవు" అని వినిపించింది, కింద అడవిలో "కుమారుడవైతే" అయింది. "అయితే" అన్న ఆ చిన్న ముక్క చేర్చడమే శోధన. రాయిని రొట్టె చేసి చూపించు, గుడి మీద నుంచి దూకి చూపించు, అప్పుడు ఒప్పుకుంటాం. మొదటి మెట్టులో మీరు గీత గీసిన కొలబద్దలన్నిటికీ ముందు "అయితే" పెట్టి చదవండి. "ఇల్లుంటే", "తెల్లగా ఉంటే", "వీసా వస్తే". నేను అలా చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

క్రీస్తులో ఉన్నవారు పిల్లలేనని, దత్తపుత్రాత్మ పొంది "అబ్బా తండ్రీ" అని పిలుస్తారని రోమా 8:15లో పౌలు రాశాడు. అంటే యొర్దాను దగ్గర వినిపించిన మాటలో మనకూ పాలుందన్నమాట. క్రైస్తవ విశ్వాసంలో విలువ అన్నదానికి పునాది నాకు తెలిసి ఇదే. పాజిటివ్ థింకింగ్ కాదిది. అద్దం ముందు నిలబడి "నేను గొప్పదాన్ని" అని మనకు మనం చెప్పుకోవడం వేరు, మనల్ని పుట్టించినవాడు చెబుతుంటే వినడం వేరు. మొదటిది నాకు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

మూడో మెట్టు: ఒక్క వాక్యం, నలభై రోజులు

జనవరి ఒకటిన చర్చిలో వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా, బుట్టలో చెయ్యి పెట్టి. అది ఫ్రిజ్ మీద అతికించి ఫిబ్రవరికి మర్చిపోతాం. దానికంటే, మీ కొలబద్దకు సరిగ్గా ఎదురు నిలిచే ఒక్క వాక్యాన్ని మీరే ఎంచుకోండి. ఎవరూ పట్టించుకోలేదన్న బాధైతే లూకా 12:6. తల్లిదండ్రుల దగ్గర దక్కని ప్రేమైతే కీర్తన 27:10. పైరూపం గురించైతే మొదటి సమూయేలు 16:7. ఆ అధ్యాయం మొత్తం చదవండి, కొత్త రాజును ఎంచడానికి సమూయేలు ప్రవక్త వస్తే యెష్షయి ఏడుగురు కొడుకుల్ని వరసగా నిలబెట్టాడు, ఎనిమిదోవాణ్ని గొర్రెల దగ్గర్నుంచి పిలవనే లేదు. వాడే దావీదు. కన్నతండ్రికే గుర్తు రాలేదు!

చేయాల్సింది ఇది. పొద్దున ఫోన్ ముట్టుకోక ముందు ఆ వాక్యాన్ని చేత్తో రాయాలి. బయటికి వినపడేలా ఒకసారి చదవాలి. తర్వాత మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో తిప్పి రాయాలి. ఇది చాలా ముఖ్యం. మన బైబిలు భాష గ్రాంథికం, దానికి గొప్ప గంభీరత ఉంది, కానీ కొన్నిసార్లు మాట మనదాకా రాకుండా పోతుంది. "దేవునియెదుట మరువబడదు" అన్నది నేను "ఒక్కదాన్ని కూడా దేవుడు మర్చిపోడే" అని రాసుకున్నాను. మా అమ్మమ్మ గొంతులో వినపడింది.

కీర్తన 139తో ఒక తమాషా జరిగింది. అందులో గర్భంలో "విచిత్రముగా నిర్మింపబడిననాడు" అని ఉంటుంది. మా ఆదివారం బడిలో ఒక పాప "నేను విచిత్రంగా ఉన్నానా టీచర్?" అంది మొహం ముడుచుకుని. ఇప్పటి మాటల్లో విచిత్రం అంటే వింతగా, తేడాగా అనే కదా. హెబ్రీలో ఆ చోట ఉన్న మాట రంగు దారాలతో చేసే కుట్టుపనికి సంబంధించింది. ప్రత్యక్ష గుడారం ద్వారానికి వేలాడదీసిన తెర మీది పనికీ అదే మాట. మగ్గం వర్క్ చేసేవాళ్లను ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? బ్లౌజు చేతికి ఒక నెమలి కుట్టాలంటే రెండు మూడు రోజులు వంగి కూర్చుంటారు. సూది కింద నుంచి పైకి, పూస, మళ్లీ కిందికి. ఒక్క పూస తేడా వచ్చినా విప్పి కుడతారు. తల్లి కడుపులో మనమీద జరిగింది ఆ పని అంటాడు కీర్తనకారుడు. ఆ పాపకు అది చెప్పి, మా అక్క బ్లౌజు తెచ్చి చూపించాను.

నలభై రోజుల్లో సగం రోజులు ఏమీ అనిపించదు. ముప్పై సెకన్లలో రాసేసి లేచిపోతారు. పర్వాలేదు, రాయండి. తప్పిపోతే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టకండి, ఆ లెక్క కూడా ఇంకో కొలబద్ద అయి కూర్చుంటుంది.

నాలుగో మెట్టు: నడుము వంగిన స్త్రీ పక్కన కూర్చోండి

లూకా 13:10 నుంచి 17. ఎనిమిది వచనాలే. వారమంతా దీని దగ్గరే ఉండండి.

ఆమెకు పేరు లేదు. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయి ఎంతమాత్రం చక్కగా నిలబడలేని మనిషి. అలా వంగినవాళ్లకు ఏం కనపడుతుందో ఆలోచించండి. నేల, ఎదుటివాళ్ల పాదాలు, వాళ్ల చెప్పులు. ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పాలి. పద్దెనిమిదేళ్లంటే ఒక పాప పుట్టి ఓటు హక్కు వచ్చేంత కాలం. అయినా విశ్రాంతి దినాన సమాజమందిరానికి వచ్చింది. ఏదైనా అడగడానికి వచ్చినట్టు లేదు, రోజూ వచ్చేదే కాబోలు.

యేసు ఆమెను చూసి, పిలిచి, "అమ్మా, నీ బలహీనతనుండి విడుదల పొందియున్నావు" అని ఆమె మీద చేతులుంచాడు. ఆమె నిటారుగా నిలబడింది. సమాజమందిరం అధికారికి కోపమొచ్చింది. విశ్రాంతి దినాన బాగుచేయడమా? పని చేయడానికి ఆరు రోజులున్నాయి, ఆ రోజుల్లో రండి అన్నాడు జనంతో. ఆయన కోపం యేసు మీద, కానీ కసురుకున్నది జనాన్ని. ఇలాంటి పెద్దమనుషులు మనకు కొత్త కాదు.

అప్పుడు యేసు ఎద్దును, గాడిదను ముందుకు తెచ్చాడు. విశ్రాంతి దినానైనా మీరు కొట్టం దగ్గర వాటి కట్లు విప్పి నీళ్లకు తోలుకెళ్తారు కదా అన్నాడు. మరి పద్దెనిమిదేళ్లు కట్టుబడిపోయిన ఈమె కట్లు విప్పకూడదా అని అడుగుతూ ఆమెను "అబ్రాహాము కుమార్తె" అన్నాడు. సువార్తల్లో ఈ పిలుపు ఇంకెవరికీ లేదు. అందరి ముందు, మందిరం నడిమధ్యన, ఆమె వంశాన్ని గట్టిగా చెప్పాడు. ఇలాంటిదే తర్వాత మేడిచెట్టు దిగొచ్చిన పన్ను వసూలుదారు జక్కయ్యకు జరిగింది. "ఇతడును అబ్రాహాము కుమారుడే" అన్నాడు, అందరూ పాపి అని సణుగుతుంటే.

ఈ వారం చేయాల్సింది: మీరు ఏ బరువు కింద ఎన్నేళ్లుగా వంగి ఉన్నారో ఒక పేజీ రాయండి. ఎన్నేళ్లో అంకె వేయండి. తర్వాత ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నిజంగానే నడుము వంచి నేలను చూస్తూ ఒక నిమిషం ఉండి, పదమూడో వచనం చదువుతూ లేచి నిలబడండి. సిగ్గుగా ఉంటుంది. నేనూ మొదట తలుపు గడియ పెట్టుకునే చేశాను. మన ప్రార్థనలన్నీ నోటితోనే, శరీరానికి కూడా చెప్పాలి అనిపించింది.

ఐదో మెట్టు: తగ్గింపునూ చిన్నబుచ్చుకోవడాన్నీ విడదీయండి

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. "ఎందుకూ పనికిరాని దాన్ని ప్రభువా", "పురుగులాంటి వాణ్ని" అని ప్రార్థిస్తాం, అది భక్తి అనుకుంటాం. "నేను నరుడను కాను నేను పురుగును" అని కీర్తన 22లో ఉన్నమాట నిజమే. మనుషులు తనను ఎలా చూస్తున్నారో చెబుతూ గుండె పగిలి అన్న మాట అది. ఆ వచనమే "నరులచేత నిందింపబడినవాడను" అని సాగుతుంది. దేవుడు పెట్టిన పేరు కాదు. కీర్తన 8లోనైతే "వాడేపాటివాడు?" అని అడిగి, వెంటనే మహిమా ప్రభావాలతో కిరీటం పెట్టావు అంటాడు. అడగడం వినయం. అక్కడే ఆగిపోతే సగం కీర్తనే చదివినట్టు.

పాపిని అని ఒప్పుకోవడం తప్పదు, దాన్ని నేను పక్కన పెట్టమనడం లేదు. తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. మీ ఒప్పుకోలు ఒక పని పేరు చెబుతోందా, లేక మీ మీద ముద్ర వేస్తోందా? "నిన్న రాత్రి అమ్మ మీద అరిచాను" అనేది మొదటిది. క్షమాపణ అడగొచ్చు, పొద్దున్నే వెళ్లి "అమ్మా, తప్పయింది" అనొచ్చు. "నేను చెడ్డ కూతుర్ని" అనేది రెండోది. దానికి ఏం చేయాలో మీకే తెలియదు, రేపు ఎల్లుండి కూడా అదే అంటారు. జక్కయ్య "నేను నీచుణ్ని" అని ఏడుస్తూ కూర్చోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇచ్చేస్తానని లెక్క చెప్పాడు. ఒక నెల పాటు ముద్ర వేసే వాక్యాలను ప్రార్థనలో పూర్తిగా ఆపి చూడండి. పనుల్ని మాత్రం పేరు పెట్టి ఒప్పుకోండి. మొదట్లో ప్రార్థన బాగా చిన్నదైపోతుంది.

ఇంకొకటి, దీన్ని సూటిగానే చెబుతాను. భర్త కొడుతుంటే, అత్తింట్లో హింస పెడుతుంటే "నీ సిలువ నువ్వు మొయ్యి తల్లీ" అని చెప్పేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. అది వినాల్సిన సలహా కాదు. 181కి ఫోన్ చేయండి, ప్రాణభయం ఉంటే 112కి. ప్రార్థన తర్వాత కూడా చేసుకోవచ్చు.

ఆరో మెట్టు: ఒంగోలు కథ గుర్తు చేసుకోండి

తెలుగు నేల మీద క్రైస్తవ విశ్వాసంలో విలువ గురించి మాట్లాడుతూ కులం ఎత్తకపోతే అది సగం మాటే.

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో పని మొదలుపెట్టిన తొలి రోజులవి. పై కులాల పెద్దలు కొందరు సానుకూలంగా ఉన్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు. ఇంతలో మాదిగలు బాప్తిస్మానికి వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే మేం రాం అన్నారు పెద్దలు. ఏం చేయాలో తోచక ఆయన ఒక చోట, భార్య ఇంకో చోట బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనపడిందని ఆయన తర్వాత రాసుకున్నాడు: మొదటి కొరింథీయులకు, మొదటి అధ్యాయం, 26వ వచనం దగ్గర. "మీలో... గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." కింది వచనాల్లో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని, "ఎన్నికలేనివారిని" దేవుడు ఏర్పరచుకున్నాడని ఉంటుంది. తలుపు తెరిచారు.

అసలు ఆ తలుపు దగ్గరికి జనాన్ని నడిపించింది దొర కంటే ఎక్కువగా యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పాడు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని పని చూపించాడు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ సాయం ముగిశాక, 1878 జులై 3న, వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషుల్ని ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి, చేత్తో పట్టుకుని నీళ్లలో ముంచి లేపారు. తాకడం అన్న ఒక్క సంగతి ఆ రోజు వాళ్లకు ఏమై ఉంటుందో నేను తరచూ ఆలోచిస్తాను.

కథ అక్కడితో సుఖాంతం అయిపోలేదు. సంఘాల్లో పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి "మనవాళ్లేనా?" అని అడిగే పద్ధతి ఇప్పటికీ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన రెండు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. అందుకని సర్టిఫికెట్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరుతో బతికే పిల్లలు ఎంతమందో. ఆ రెండు పేర్ల మధ్య నలిగే పిల్లలు "అక్కా, నేను అబద్ధం బతుకుతున్నానా?" అని నన్ను అడిగారు. చట్టం సంగతి చెప్పే అర్హత నాకు లేదు. నేను చెప్పింది ఇంతే: ఉత్తర్వు ఏం రాసినా, గుండ్లకమ్మ ఒడ్డున మీ ముత్తాతలకు దక్కిన పిలుపు మీకూ ఉంది, దాన్ని ఏ ఆఫీసులోనూ ధ్రువీకరించుకోనక్కర్లేదు.

ఈ మెట్టులో పని ఒకటే. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, మన ఇంట్లో మొదట నమ్ముకున్నది ఎవరు, ఎందుకు, ఊళ్లో ఏమన్నారు అని అడిగి రాసుకోండి. మీరే మొదటివారైతే మీ కథే రాయండి.

ఏడో మెట్టు: నిద్ర, రొట్టె, డాక్టరు

ఏలీయా ప్రవక్త కథను మనం కర్మెలు కొండ దగ్గరే ఆపేస్తాం, అగ్ని దిగిన చోట. మొదటి రాజులు 19లో ఆ మనిషే అరణ్యంలో బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. నా పితరులకంటే నేను ఎక్కువవాణ్ని కాను అన్నాడు. దేవుడు ఏం చేశాడో చూడండి. మందలించలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. పడుకోనిచ్చాడు. దూత తట్టి లేపితే తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా లేపి తినమన్నాడు. మాటలు తర్వాత, హోరేబు కొండ దగ్గర.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది విలువ గురించిన ఆలోచన మాత్రమే అయి ఉండకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి ఇప్పుడే టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా సరే. "మందులు వాడితే విశ్వాసం లేనట్టే" అనేవాళ్లకు షుగరు మాత్ర వేసుకుంటారా అని అడగండి.

ఎనిమిదో మెట్టు: ఒక్క మనిషి, ఒక్క పని

ఇదంతా ఒంటరిగా చేస్తే కొన్నాళ్లకు ఆగిపోతుంది. సంఘంలో ఒక్క మనిషిని చూసుకోండి. చెప్పింది విని, మర్నాడు ప్రార్థన అంశం పేరుతో అందరికీ చేరవేయని మనిషి. నాకు దొరికింది మా చర్చిలో తివాచీలు పరిచే ఒక పెద్దావిడ. బైబిలు చదవడం రాదు, కానీ నేను చెప్పేదంతా విని "సరేలే, అన్నం తిన్నావా?" అంటుంది.

పనైతే, ఎవరికీ కనపడనిది ఎంచుకోండి. ప్రభుత్వాసుపత్రి వార్డులో ఎవరూ లేని రోగి దగ్గర గంట కూర్చోవడం లాంటిది. స్టేజీ మీది పని ఇప్పుడే వద్దు, మళ్లీ చప్పట్లు లెక్కపెట్టుకుంటాం. ఫొటో తీసి పెట్టకండి కూడా.

మళ్లీ జారినప్పుడు

జారతారు. నేను మొన్న కూడా జారాను, మా కొలీగ్ కొడుక్కి ఐఐటీ సీటు వచ్చిందని స్వీట్లు పంచుతుంటే. అలాంటప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టకండి. నోట్‌బుక్ తీసి కొలబద్ద పేరు రాసి, దాని ముందు "అయితే" పెట్టి, పక్కన మీ వాక్యం రాయండి. రెండు లైన్లు చాలు.

పోయిన నెల ఇంకో పెళ్లి. పంక్తిలో పిన్ని నా పక్కనే కూర్చుంది. పప్పు వడ్డిస్తుండగా, అనుకున్నట్టే, "ఇంకా ఆ స్కూల్లోనేనా?" అంది.

"అవును పిన్నీ, ఈ ఏడు తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని. ఆ గోంగూర ఇటు జరపండి."

గోంగూర జరిపింది. తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పడం మొదలుపెట్టింది, పెరుగన్నం దాకా చెప్పింది. రాత్రి ఇంటికొచ్చి అలవాటుగా నోట్‌బుక్ తీసి తేదీ వేశాను. కింద రాయడానికి ఏమీ తట్టలేదు. మూసేసి, మర్నాటికి దిద్దాల్సిన యూనిట్ టెస్టు పేపర్లు ముందేసుకున్నాను.